రైజెన్ 7 3700ఎక్స్: ఏళ్ళ తరబడి వాడాక ఆ 16 థ్రెడ్‌ల లెక్క

2019లో వచ్చిన ఈ ఏఎండీ ప్రాసెసర్‌కి (8 కోర్లు, ఒక్కో కోర్ ఒకేసారి నడిపే పనుల వరసలు, అంటే థ్రెడ్‌లు, రెండేసి) ఇప్పుడు రివ్యూ ఏంటి అనుకోవచ్చు, కానీ సెకండ్ హ్యాండ్‌లో ఇంకా కొంటున్నారు కాబట్టి రాస్తున్నా. నా వాడకం లైనక్స్ మీద సీ++ కంపైల్, వీడియో ఎన్‌కోడింగ్, పక్కన ఎప్పుడూ తిరిగే ఒక డేటాబేస్.

సీపీయూ వాడకం చూపించే టాప్ కమాండ్‌లో 50 శాతం కనిపిస్తే ఇంకో సగం మిగిలిందని మాత్రం నమ్మకండి. 8 కోర్లలో ఒక్కో థ్రెడ్ నడుస్తున్నా అది 50 అనే చూపిస్తుంది, మిగతా 8 కూడా వేస్తే నాకు కంపైల్‌లో పావు వంతు అటూఇటూగా కలిసొస్తుంది అంతే, ఎందుకంటే రెండో థ్రెడ్‌కి వేరే కోర్ ఏమీ లేదు, ఎల్1, ఎల్2 క్యాష్‌లు (కోర్‌లోని చిన్న, వేగమైన మెమరీలు) రెండు థ్రెడ్‌లవీ, 224 ఎంట్రీల రిటైర్ క్యూ (నడుస్తున్న సూచనలు పూర్తయ్యేదాకా వరసలో ఉండే చోటు) అయితే చెరి సగం. ఏవీఎక్స్ (ఒకే సూచనతో చాలా సంఖ్యల మీద చేసే) లెక్కలు దంచే పనులు రెండూ ఒకే కోర్‌లో పెడితే ఒక ఒరలో రెండు కత్తులే, ఆ లెక్కలు చేసే ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ కోర్‌కి ఉన్నది ఒకటే మరి.

ముందే అంచనా వేయాలంటే నేను చేసేది ఇది: ఒక్కో పనినీ ఒంటరిగా పెర్ఫ్ స్టాట్ అనే లైనక్స్ కొలత టూల్ కింద నడిపి ఐపీసీ (ఒక్కో క్లాక్ సైకిల్‌కి పూర్తయ్యే సూచనలు), క్యాష్ మిస్‌లు (కావలసిన డేటా క్యాష్‌లో దొరకనివి) చూస్తా. ఐపీసీ తక్కువ, మిస్‌లు ఎక్కువ అంటే అది మెమరీ కోసం ఎదురుచూస్తూ కూర్చునే రకం, దాని పక్కన చిన్న డేటాతో గబగబా లెక్కలు చేసేది పెడితే జోడీ కుదురుతుంది. తర్వాత టాస్క్‌సెట్ కమాండ్‌తో నా పనిని సీపీయూ 0లో, కావాలని ఒత్తిడి పెట్టే స్ట్రెస్-ఎన్‌జీ టూల్ క్యాష్ టెస్ట్‌ని 8లో కట్టేసి (నా మెషీన్‌లో ఈ రెండూ ఒకే కోర్‌లోని థ్రెడ్‌లు, మీది ఎల్ఎస్‌సీపీయూ కమాండ్‌లో చూసుకోండి) ఎంత నెమ్మదిస్తుందో చూస్తా. కోర్‌లు వేరైనా గొడవ తీరదు, డ్యూయల్ ఛానల్ డీడీఆర్4-3200 ర్యామ్ కాగితం మీదే సెకనుకి 51.2 జీబీ, దాన్ని నాలుగైదు థ్రెడ్‌లే తాగేస్తే మిగతావి ఖాళీగా ఉన్నట్టే లెక్క, కానీ టాప్ మాత్రం అన్నీ బిజీ అంటుంది!

అసలు చిరాకు కోర్లు పంచుకునే పెద్ద క్యాష్, ఎల్3తో. 32 ఎంబీ అన్నారు గానీ నాలుగేసి కోర్లకి 16 చొప్పున రెండు ముక్కలు, అందుకే డేటాబేస్‌ని ఒక ముక్కలో, కంపైల్‌ని ఇంకో ముక్కలో కట్టేశాకే క్వెరీల టైమ్ కుదురుగా వస్తోంది. దీని తర్వాతి తరం 5800ఎక్స్‌లో ఆ 32 మొత్తం 8 కోర్లకీ ఒకటే, డేటాబేస్ పని ఎక్కువుంటే మదర్‌బోర్డ్ సపోర్ట్ చూసుకుని అదే తీసుకోండి, కంపైల్‌కే అయితే నేనింకా దీన్ని మార్చే ఆలోచనలో లేను.