నెలకు 35 డాలర్ల ఇన్‌హేలర్ కార్డు: మంచిచెడ్డలు

అమెరికాలో కంపెనీ బీమా ఉన్నవారికి కూడా, డిడక్టిబుల్ (బీమా చెల్లించడం మొదలయ్యే ముందు ఏటా మనమే భరించాల్సిన మొత్తం) పెద్దదైతే, ఆ మొత్తం తీరేదాకా ఇన్‌హేలర్ ఖర్చు దాదాపుగా తమ జేబులోంచే పోతుంది కాబట్టి, ఆ లెక్క మళ్లీ మొదలయ్యే జనవరి నెల బిల్లులో వారికీ బీమా లేనివారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించదు. మా ఇంట్లో రెండు మందులు కలిసిన ఆస్తమా ఇన్‌హేలర్ సింబికోర్ట్ కోసం, దాని తయారీదారు ఆస్ట్రాజెనెకా ఇచ్చే 35 డాలర్ల కార్డు వాడుతున్నది అందుకే.

ఇన్‌హేలర్ ధరలపై సెనేట్ ఆరోగ్య కమిటీ 2024 జనవరిలో విచారణ మొదలుపెట్టగా, మార్చిలో బోరింగర్ ఇంగెల్‌హైమ్, ఆస్ట్రాజెనెకా, జీఎస్‌కే సంస్థలు ఒకదాని వెంట ఒకటి నెలకు 35 డాలర్ల ఈ పరిమితిని ప్రకటించాయి. ఆ ఔదార్యం ఎందుకు పుట్టిందో వేరే చెప్పనక్కరలేదు.

కార్డు మీద ఉండే బిన్, పీసీఎన్, గ్రూప్, ఐడీ నంబర్లను ఫార్మసీవారు బీమా తరువాత రెండో చెల్లింపుగా ఎక్కించాలి. మేము వెళ్లే దుకాణంలో ఒకసారి బీమా ఒక్కటే వేసి మూడంకెల బిల్లు చేతిలో పెట్టారు. కార్డు చూపించి మళ్లీ వేయించాక అది 35కు దిగింది. ఉదయం రెండు, రాత్రి రెండు పఫ్‌ల చొప్పున 120 పఫ్‌ల డబ్బా సరిగ్గా నెల వస్తుంది కనుక, ఏడాదికి 420 డాలర్లతో సరిపోతుంది. సింబికోర్ట్‌లోని రెండు మందులే ఉన్న ఫోరాకార్ట్ ఇన్‌హేలర్‌ను హైదరాబాద్‌లో బీమా ఊసే లేకుండా కొన్నా నెలకు ఇంతకన్నా చాలా తక్కువే అవుతుందన్నది వేరే సంగతి.

లోపాలు చిన్నవి కావు. మెడికేర్, మెడికెయిడ్ (వృద్ధులకు, పేదలకు ఇచ్చే ప్రభుత్వ బీమాలు) ఉన్నవారికి కార్డు చెల్లదు. కార్డు ద్వారా ఇన్‌హేలర్ తయారీదారు భరించిన భాగాన్ని కొన్ని బీమా పథకాలు డిడక్టిబుల్‌లో జమ చేయవు కాబట్టి, ఇప్పుడు మిగిలిందనుకున్న డబ్బు ఆ ఏడాదిలోనే మరో వైద్య ఖర్చు రూపంలో మీద పడవచ్చు. చాలామంది పిల్లలు వాడిన ఆస్తమా ఇన్‌హేలర్ ఫ్లోవెంట్‌ను 2024 మొదట్లోనే మార్కెట్ నుంచి తీసివేశారు గనుక, ఆ పేరుతో కార్డు దొరికే ప్రశ్నే లేదు.

మీ బీమాలో జెనరిక్ మందుకు మీరు కట్టే వాటా (కోపే) పది పదిహేను డాలర్లే అయితే ఈ కార్డు జోలికి పోనక్కరలేదు. డిడక్టిబుల్ పెద్దదైనవారు మాత్రం ముందుగా బీమా సంస్థకు ఫోన్ చేయాలి. ఆస్తమాకు వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్లను డిడక్టిబుల్‌తో నిమిత్తం లేకుండా భరించడానికి హెచ్‌ఎస్‌ఏ (పన్ను మినహాయింపు ఉన్న ఆరోగ్య పొదుపు ఖాతా) తరహా పథకాలకు అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ 2019లోనే అనుమతి ఇచ్చింది. మీ పథకం ఆ వెసులుబాటును వాడుకుంటే కార్డు లేకుండానే పని జరిగిపోవచ్చు.