గుండెపోటు భయానికి జీన్ టెస్టా, మామూలు రక్తపరీక్షా?

బరంపురం, పర్లాకిమిడి వైపు మనవాళ్ల ఇళ్లలో నాన్నకో అన్నకో 55 నిండకుండా గుండెపోటు వస్తే, మిగతావాళ్లకు మొదలయ్యే టెన్షన్ ఇదే: మనకూ ఉందేమో, ఏ టెస్ట్ చేయించాలి?

ఖర్చు: లిపిడ్ ప్రొఫైల్, అంటే కొలెస్ట్రాల్ చూసే మామూలు రక్తపరీక్ష, వందల్లో తేలిపోతుంది. జీన్ టెస్ట్ వేలల్లోకి పోతుంది.

శ్రమ: మొదటిది ఊళ్లోనే అవుతుంది. రెండోదానికి శాంపిల్ పెద్ద నగరానికి వెళ్లాలి, రిపోర్టుకు వారాలు ఆగాలి.

చెప్పేది: అసలు తేడా ఇక్కడే. రక్తపరీక్ష ఇవాళ్టి కొలెస్ట్రాల్ చెబుతుంది, జీన్ టెస్ట్ పుట్టుకతో వచ్చిన ముప్పు చెబుతుంది. 2007లో బయటపడ్డ 9పి21 అనే జన్యు మార్పు గుండెపోటు ముప్పును కొంత పెంచుతుంది. కానీ అది చాలామందిలో ఉండేదే. ఇలాంటివెన్నో కలిపి ఇచ్చే స్కోర్లు ఎక్కువగా యూరప్ సంతతివాళ్ల డేటాతో తయారయ్యాయి, మనకు అంత కచ్చితంగా సరిపోవు. ఆ స్కోరుకు డబ్బు పెట్టడం నాకైతే దండగే అనిపిస్తుంది.

రిస్క్: స్కోరు తక్కువొచ్చిందని ఖైనీ, గుట్కా మానకపోవడం.

ఎవరికి ఏది: ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 190 mg/dL దాటినా, మడమ వెనక స్నాయువు గట్టిపడి లావెక్కినా జీన్ టెస్ట్ గురించి డాక్టర్‌ను అడగండి. వంశపారంపర్య అధిక కొలెస్ట్రాల్ దాదాపు 250 మందిలో ఒకరికి ఉంటుంది; అది తేలితే తోబుట్టువులకూ పిల్లలకూ సగం అవకాశం ఉన్నట్టే, వాళ్లనూ చూపించాలి. మిగతావాళ్లకు లిపిడ్ ప్రొఫైల్, బీపీ, షుగర్, వాటితోపాటు ఒక్కసారి లైపోప్రొటీన్ ఎ (పుట్టుకతో వచ్చే ఒక రకం కొలెస్ట్రాల్ కణాలను కొలిచే రక్తపరీక్ష) చాలు.