హోప్ ఐలాండ్‌కి మా క్లాస్ ట్రిప్: ఏది బాగుంది, ఏది అంతంతమాత్రం

హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకి పడవ ప్రయాణమంటే హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి విగ్రహం దాకా వెళ్లి రావడమే. అందుకే మా పర్యావరణ శాస్త్రం క్లాస్ మొత్తం కాకినాడ అఖాతం, దాని అంచున ఉన్న హోప్ ఐలాండ్ చూసొద్దామనుకుంటే ఇంట్లోవాళ్లకి సముద్రం టెన్షన్, మాకు ఖర్చు టెన్షన్. రెండూ అనుకున్నంత లేవు.

రాత్రి లింగంపల్లిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దునకల్లా కాకినాడ. విద్యార్థులకి స్లీపర్ చాలు. చిక్కంతా లాడ్జితో వచ్చింది. ఆన్‌లైన్‌లో బుక్ చేసిన చోట మధ్యాహ్నం పన్నెండు దాకా గదులు ఇవ్వమన్నారు. బ్యాగులు రిసెప్షన్‌లో పడేసి, అక్కడే వంతులవారీగా పళ్లు తోముకున్నాం. ఎప్పుడు దిగితే అప్పటి నుంచి ఇరవై నాలుగు గంటలు లెక్కేసే లాడ్జిలు ఉంటాయి. ఫోన్ చేసి అడిగి మరీ బుక్ చేసుకోండి.

మొదటి రోజు కోరంగి. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలోనే కాబట్టి బస్సులో వెళ్లొచ్చు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన మడ అడవి ఇది. చెట్ల మధ్య చెక్క వంతెన మీద నడక బాగుంటుంది, కానీ ఆదివారం మాత్రం వద్దు. సెల్ఫీల కోసం ఆగేవాళ్ల వెనక ఆగాగి నడవాలి. గైడు ఒక తెల్ల మడ ఆకు కోసి, అడుగుభాగం నాకి చూడమన్నాడు. ఉప్పు! వేళ్లతో పీల్చిన ఉప్పుని ఆ చెట్టు ఆకుల మీదుగా బయటకి పంపేస్తుంది. బురదలోంచి పెన్సిళ్లలా నిక్కి ఉన్న శ్వాస వేళ్ల మధ్య ఎర్రటి డెక్కతో ఓ చిన్న పీత మమ్మల్ని బెదిరించి బొరియలోకి దూరింది. నీళ్లలో చేపలు పట్టి తినే బావురు పిల్లి కనబడుతుందని మాత్రం ఆశపడకండి, అది రాత్రిపూట తిరిగే జంతువు. అక్కడి బోటు షికారు చల్లగా, హాయిగా ఉంటుంది కానీ ఇట్టే అయిపోతుంది. అఖాతం ఎలా ఉంటుందో దాంతో అర్థం కాదు.

దానికి హోప్ ఐలాండ్‌కే వెళ్లాలి. గోదావరి తెచ్చిన ఇసుకని అలలు ఉత్తరంగా నెట్టి, సుమారు రెండు వందల ఏళ్లలో పదహారు కిలోమీటర్ల పొడవున పేర్చిన దిబ్బ అది. కాకినాడ రేవుకి తూర్పున అడ్డుగోడ అదే. ఫైబర్ బోటు మాట్లాడుకున్నాం. మొదట అడిగిన బోటువాళ్లు మా సంఖ్య చూసి కూడా లైఫ్ జాకెట్లు సగం మందికే ఇస్తామన్నారు. బేరం అక్కడితో ఆపేశాం. రెండో సరంగు అందరికీ జాకెట్లు తొడిగించాకే ఇంజన్ తిప్పాడు. డబ్బులు కాస్త ఎక్కువే అయినా ఈ ట్రిప్‌లో సరిగ్గా పెట్టిన ఖర్చు ఇదే.

దారిలో లంగరేసిన ఓడలూ, వాటి దగ్గరికి సరుకు మోసే బార్జీలూ కనిపిస్తాయి. దీవిలో దిగాక ఇటు అఖాతం వైపు నీళ్లు కదలవు. ఇసుక దాటి అటు వెళ్తే అలల హోరుకి పక్కవాడి మాట వినబడదు. మా వరంగల్ దోస్తు ఒకడు ఇటూ అటూ పరిగెత్తి, "రెండు సముద్రాలున్నయిరా" అన్నాడు. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేది ఆ అలల వైపే. రాత్రిళ్లు లైట్లు వేసుకుని అటు తిరగొద్దు.

దీవిలో జాలర్ల కుటుంబాలున్నాయి. వలల మీద నెత్తళ్లు ఆరబెడుతున్న ఒక పెద్దావిడని తుపానుల గురించి అడిగాం. "తొంభై ఆరుది మర్చిపోలేమమ్మా" అని చేపలు తిరగేస్తూనే ఉంది. 1996 నవంబరు తుపాను మేం ఎవరం పుట్టకముందుది. ఇంకేం అడగాలో తోచలేదు. వాళ్ల ఇళ్ల ముందు ఫోటోలు తీసేటప్పుడు అడగండి. కొన్ని బృందాలు ఆ ఊరిని జూలా చూసి వెళ్తున్నాయి, చూడ్డానికే ఇబ్బందిగా అనిపించింది. అక్కడ హోటల్ లాంటిది ఆశించొద్దు. నీళ్లూ తిండీ మీరే తీసుకెళ్లి, ఖాళీ సీసాలు మీరే వెనక్కి తెచ్చుకోండి.

మేం ఇంకాసేపు ఉందామంటే సరంగు ఒప్పుకోలేదు. "పాటు మొదలైతే పడవ బురదలో కూర్చుంటాదండీ, ఆయ్! మళ్లీ పోటొచ్చేదాకా మీరూ నేనూ ఇక్కడే." పాటంటే సముద్రం నీళ్లు వెనక్కి తగ్గడం. అఖాతం లోతు తక్కువ, అతను చెప్పింది నిజమే. వెనక్కొచ్చేటప్పుడు ఒకచోట గెడ వేసి నెట్టాల్సి వచ్చింది.

కాకినాడలో సుబ్బయ్య హోటల్ భోజనం గురించి విన్నదంతా నిజమే, ఆకలితో వెళ్లండి. కాజాలు మాత్రం తిరుగు ప్రయాణం రోజే కొనండి, మావి లాడ్జిలోనే అయిపోయాయి. ఒక పూట మిగిలితే యానాం కంటే ఉప్పాడ నయం. అక్కడ జాందానీ మగ్గాలూ, సముద్రం కొరికేసిన బీచ్ రోడ్డూ చూడొచ్చు.

దీవి ప్రయాణాన్ని ఆఖరి రోజుకి పెట్టుకోకండి. గాలి లేస్తే సరంగు రానంటాడు. అప్పుడు రాత్రి రైలు ఉందని అతన్ని బతిమాలకండి.