స్పిట్‌ఫైర్, కాన్‌స్టెలేషన్, కాంకార్డ్: అందంలో ఏది మేలు?

విమానాల అందం మీద వాదన మొదలైతే ఈ మూడు పేర్లు రాకుండా ముగియదు. ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఎవరి ఇష్టం వాళ్లదే అవుతుంది, తీర్పు తేలదు. అందుకే ఒక్కో వంపు దగ్గర ఆగి మూడు సంగతులు అడగాలి. ఆ వంపు ఏ పని చేస్తోంది? దాని కోసం తయారీలోనూ నిర్వహణలోనూ ఎంత భరించాల్సి వచ్చింది? తర్వాత మార్పులు తప్పనిసరి అయినప్పుడు ఆ రూపం నిలిచిందా? ఈ లెక్కన నా ఓటు కాంకార్డ్‌కు. రెండో స్థానం స్పిట్‌ఫైర్‌ది. చూపుకు అందరికంటే ముందు నచ్చే కాన్‌స్టెలేషన్‌ను మూడో స్థానంలో పెట్టడం మనసుకు కష్టమే, కానీ కారణాలు గట్టివి.

స్పిట్‌ఫైర్ రెక్క

ఆర్.జె. మిచెల్ బృందం రూపొందించిన ఈ బ్రిటిష్ ఫైటర్ 1936 మార్చి 5న మొదటిసారి ఎగిరింది. దీని పేరు చెప్పగానే దీర్ఘవృత్తాకారపు రెక్క గుర్తొస్తుంది. ఆ ఆకారానికి డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) అతి తక్కువ కాబట్టే దాన్ని ఎంచుకున్నారని చాలామంది చెబుతారు. సిద్ధాంతం ప్రకారం అది నిజమే. కానీ కొసకు సన్నబడే తిన్నని అంచుల రెక్కను జాగ్రత్తగా గీస్తే ఈ తేడా చాలా స్వల్పం. అసలు అవసరం వేరు. రెక్క పల్చగా ఉండాలి, అందులోనే మడిచిన చక్రాలు, ఎనిమిది మెషిన్‌గన్లు పట్టాలి. రెక్క మందాన్ని దాని వెడల్పులో (ముందు అంచు నుంచి వెనక అంచు వరకు) ఇంత శాతమని లెక్కగడతారు. స్పిట్‌ఫైర్‌కు రెక్క మొదలు దగ్గర 13 శాతం. అంచులు తిన్నగా సన్నబడితే గన్లు పెట్టే చోటికి వచ్చేసరికి వెడల్పు తగ్గిపోతుంది, దాంతోపాటు లోపలి ఎత్తూ తగ్గుతుంది. దీర్ఘవృత్తంలో వెడల్పు చాలా దూరం వరకు పెద్దగా తగ్గదు. అందుకే శాతం పెంచకుండానే గన్లకు చోటు దొరికింది. రెక్క మీద పనిచేసిన బెవర్లీ షెన్‌స్టోన్ తర్వాత చెప్పిన కారణమూ ఇదే.

ఇంకో గుణం కంటికి కనిపించదు. రెక్క మొదట్లో రెండు డిగ్రీలు పైకి ఉంటుంది, కొసకు వచ్చేసరికి అర డిగ్రీ కిందికి తిరుగుతుంది. ఈ మెలిక వల్ల స్టాల్ (రెక్క పైకెత్తే బలం కోల్పోవడం) ముందుగా రెక్క మొదలు దగ్గర మొదలవుతుంది. గట్టి మలుపులో పైలట్ హద్దు దాటబోతుంటే విమానం వణికి హెచ్చరిస్తుంది, కొసల దగ్గరి ఐలరాన్లు (విమానాన్ని పక్కకు వాల్చే పలకలు) అప్పటికీ పట్టు కోల్పోవు.

ఇక ఖర్చు సంగతి. రెక్కలో ఏ రెండు రిబ్బులూ (రెక్కకు ఆకారమిచ్చే లోపలి అడ్డ పట్టీలు) ఒక్క కొలతలో ఉండవు. ప్రధాన స్పార్ (రెక్కను పొడవునా మోసే దూలం) కోసం చతురస్రపు గొట్టాలను ఒకదానిలో ఒకటి దూర్చి, కొస వైపు పోయేకొద్దీ ఒక్కొక్కటే ఆపేశారు. బలం కావలసిన మొదట్లో మందంగా, కొసకు తేలికగా ఉండే ఏర్పాటు ఇది. రెండు దిశల్లో వంపు తిరిగే రేకులకు చేతి నైపుణ్యం కావాలి. మొదటి ఏళ్లలో ఉత్పత్తి నత్తనడక నడవడానికి అదొక ముఖ్య కారణం. రివెట్ల దగ్గర మాత్రం తెలివిగా ఆదా చేశారు. తలలు పైకి కనిపించని రివెట్లు బిగించడం ఖరీదైన పని. అవి ఎక్కడెక్కడ తప్పనిసరో తేల్చడానికి ఎండు బఠానీ బద్దలను రివెట్ల మీద జిగురుతో అంటించి ఎగరేసి చూశారు. అన్నింటి మీదా అంటించినప్పుడు వేగం గంటకు 20 మైళ్లకు పైగా పడిపోయింది. తర్వాత ఒక్కో వరుసా గీకేస్తూ మళ్లీ ఎగరేసి, రెక్క మీద నున్నటి రివెట్లు తప్పవనీ, ఫ్యూజలాజ్ (విమానం ఒళ్లు) మీద గుండ్రటి తలలున్నా పెద్దగా నష్టం లేదనీ తేల్చారు.

లోపాలూ ఉన్నాయి. చక్రాల కాళ్లు రెక్క మొదట్లో పుట్టి బయటికి మడుచుకుంటాయి. అందువల్ల నేలమీద ఉన్నప్పుడు రెండు చక్రాల మధ్య దూరం తక్కువ, పక్కగాలిలో అదుపు కష్టం. పైగా దించిన కుడి కాలు రేడియేటర్‌కు వెళ్లే గాలికి అడ్డు. టేకాఫ్ కోసం కాసేపు వేచి ఉంటే చాలు, ఇంజిన్ వేడెక్కిపోయేది.

మూడో ప్రశ్న దగ్గర స్పిట్‌ఫైర్‌కు మార్కులు తగ్గుతాయి. తక్కువ ఎత్తులో త్వరగా పక్కకు దొర్లాలని 11.23 మీటర్ల రెక్కల కొసలు కోసి పదిమీటర్ల లోపుకు తెచ్చారు. ఎత్తుకు వెళ్లే రకాలకు కొసలు పొడిగించారు. గ్రిఫన్ ఇంజిన్ వచ్చాక ముక్కు సాగింది, సిలిండర్ల మీద ఉబ్బులు లేచాయి. మార్క్ 21 అనే రకం నాటికి రెక్కనే కొత్తగా గీశారు, దీర్ఘవృత్తం దాదాపు మాయమైంది. కళ్ల పండుగ అంటే మార్క్ 9 వరకే. తెలుగువాళ్లకు దీనితో ఒక బంధం కూడా ఉంది. బ్రిటన్ గగనయుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ పేరులో హైదరాబాద్ ఉంది, నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా.

కాన్‌స్టెలేషన్ ఒళ్లు

1943 జనవరి 9న మొదట ఎగిరిన లాక్‌హీడ్ కాన్‌స్టెలేషన్ అనే అమెరికన్ ప్రయాణికుల విమానం ఫ్యూజలాజ్‌లో తిన్నని గీత ఒక్కటీ కనిపించదు. ముక్కు కిందికి వాలుతుంది, తోక పైకి లేస్తుంది, మధ్యలో ఒళ్లు నిండుగా ఉంటుంది. ఈదుతున్న చేప పక్క నుంచి కనిపించినట్టే ఉంటుంది. ఇందులో కొంత నిజమైన అవసరమే. ప్రొపెల్లర్ల వ్యాసం 15 అడుగులకు పైమాటే. అవి నేలకు తగలకూడదంటే విమానం ఎత్తుగా నిలబడాలి. అప్పుడు ముందు చక్రపు కాలు మరీ పొడుగై బరువెక్కుతుంది, అందుకని ముక్కునే కిందికి వంచారు. ప్రొపెల్లర్లు వెనక్కి నెట్టే గాలిలో తోక పడకుండా దాన్ని పైకి లేపారు. ఒక పెద్ద నిలువు తోకకు బదులు మూడు పెట్టారు, దానివల్ల ఎత్తు తగ్గి అప్పటి హ్యాంగర్లలో పట్టింది.

అసలు చిక్కు కొలతల్లో ఉంది. గుండ్రటి ఫ్యూజలాజ్ వ్యాసం అడుగడుగునా మారుతుంటే లోపలి ఫ్రేములన్నీ వేర్వేరు కొలతల్లో చేయాలి, బయటి రేకులూ అంతే. అదే కాలపు డగ్లస్ డీసీ-6 తిన్నని గొట్టం. కొత్త భాగాలు పెద్దగా అక్కర్లేకుండానే పొడుగు పెంచి డీసీ-6బీ, డీసీ-7 చేసేశారు. డీసీ-6, డీసీ-7 కలిపి వెయ్యికి పైగా తయారైతే, కాన్‌స్టెలేషన్లు అన్ని రకాలూ కలిపి 856. తర్వాత వచ్చిన ప్రయాణికుల విమానాలన్నీ నడిచింది డగ్లస్ దారిలోనే. కాన్‌స్టెలేషన్ ఒంపుల వల్ల తగ్గిన డ్రాగ్ ఆ తయారీ భారానికి సరితూగలేదనే నా అభిప్రాయం. అయినా ఒక మెచ్చుకోలు మాత్రం చెప్పాలి. 18 అడుగులకు పైగా సాగదీసి సూపర్ కాన్‌స్టెలేషన్ చేసినప్పుడు రూపం చెడలేదు, ఇంకా మెరుగుపడింది. సాగదీస్తే అందం పెరిగిన విమానాలు అరుదు.

ఇంజిన్లు దీనికి తీరని తలనొప్పి. 18 సిలిండర్ల రైట్ ఆర్-3350 మొదటి ఏళ్లలో వేడెక్కి మంటలు అంటుకునేది. తర్వాతి రకాల్లో పొగగొట్టంలో వృథాగా పోయే శక్తిని పట్టుకోవడానికి ఒక్కో ఇంజిన్‌కు మూడు చిన్న టర్బైన్లు జోడించారు. ఇంధనం కలిసొచ్చింది, కానీ వేడిలో తిరిగే భాగాలు పెరిగేసరికి మరమ్మతులూ పెరిగాయి. ఈ తప్పు ఆకారానిది కాదు కాబట్టి ఇక్కడ మార్కులు కోయడం లేదు. మన దేశానికి దీని విలువ వేరు. 1948 జూన్ 8న ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్‌కు మొదటి విమానం నడిపింది మలబార్ ప్రిన్సెస్ అనే కాన్‌స్టెలేషన్‌తోనే.

కాంకార్డ్: ఒక్క రెక్క, ఎన్నో పనులు

1969 మార్చి 2న ఫ్రాన్స్‌లోని తూలూజ్‌లో మొదట ఎగిరిన, శబ్దం కంటే వేగంగా పోయే ప్రయాణికుల విమానం కాంకార్డ్‌ను చూసి చాలామంది సూదిముక్కును పొగుడుతారు. నిజానికి చూడాల్సింది రెక్క. దాని ముందు అంచు మెడ దగ్గర చాలా వాలుగా మొదలై, మధ్యలో విప్పారి, కొస దగ్గర మళ్లీ వెనక్కి తిరుగుతుంది. ఒక పొడవాటి అలలాంటి గీత. ఆ గీత మీద బ్రిటన్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో డీట్రిక్ కుచెమాన్, యోహానా వెబర్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పనిచేశారు. అలాంటి సన్నని రెక్క నెమ్మదిగా ఎగరగలదో లేదో చూడటానికే హెచ్‌పీ.115 అనే చిన్న విమానాన్ని విడిగా కట్టి పరీక్షించారు.

ఇక్కడి సమస్య ఇది. శబ్దవేగానికి రెండింతల వేగంతో పోవాలంటే రెక్క పల్చగా, పొట్టిగా, బాగా వాలుగా ఉండాలి. కానీ అలాంటి రెక్క రన్‌వే మీద దిగే వేగంలో సరిపడా లిఫ్ట్ (పైకెత్తే బలం) ఇవ్వదు. మామూలు విమానమైతే ఫ్లాప్‌లు (రెక్క వెనక అంచు పలకలు) దించుతుంది. వెనక తోక రెక్క లేని డెల్టాకు (త్రిభుజపు రెక్కకు) ఆ వీల్లేదు. ఫ్లాప్‌లు దించగానే ముక్కు కిందికి పోతుంది, దాన్ని పైకి పట్టేదేమీ ఉండదు. కాంకార్డ్ ఇచ్చిన జవాబు ఆ అలలాంటి అంచే. ముక్కును బాగా పైకెత్తితే గాలి అంచు మీదుగా చుట్టుకుని రెక్క పైన రెండు బలమైన సుడులుగా మారుతుంది. ఆ సుడుల లోపల పీడనం పడిపోయి రెక్కను పైకి లాగుతుంది. తడిగాలిలో దిగుతున్న కాంకార్డ్ వీడియోలు చూడండి, రెక్క మీద తెల్లటి ఆవిరి దుప్పటిలా కనిపించేది ఆ సుడులే. ఫ్లాపులు లేవు, ముందు అంచున స్లాట్లు లేవు, కదిలేవి వెనక అంచున ఆరు ఎలివాన్లు (విమానాన్ని పైకీ కిందికీ పక్కలకూ తిప్పే పలకలు) మాత్రమే.

ముక్కు కిందికి వాలడానికి కారణమూ ఇదే. దిగేటప్పుడు ఒళ్లు అంత పైకి లేస్తే పైలట్‌కు రన్‌వే కనిపించదు, అందుకని ముక్కును పన్నెండున్నర డిగ్రీలు దించుతారు. టేకాఫ్‌కు ఐదు డిగ్రీలు చాలు. తోక నేలకు తగలకుండా చక్రాల కాళ్లూ పొడుగ్గా పెట్టాల్సి వచ్చింది. కాన్‌స్టెలేషన్‌కు పొడుగు కాళ్లు తెచ్చింది ప్రొపెల్లర్, కాంకార్డ్‌కు తెచ్చింది రెక్క.

రెక్క చేసే మరో పని బయటికి కనిపించదు. శబ్దవేగం దాటుతుంటే లిఫ్ట్ కేంద్రం దాదాపు రెండు మీటర్లు వెనక్కి జరుగుతుంది. ఎలివాన్లతో సర్దుకుంటే డ్రాగ్ పెరుగుతుంది. అందుకు బదులు ముందు ట్యాంకుల నుంచి సుమారు 20 టన్నుల ఇంధనాన్ని వెనక ట్యాంకులకు పంపు చేసి విమానం బరువు కేంద్రాన్నే వెనక్కి జరిపేవారు. వేగం తగ్గించేటప్పుడు మళ్లీ ముందుకు. తెల్ల రంగు కూడా సోకు కాదు. ఆ వేగంలో ముక్కు 127 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది, తెలుపు ఆ వేడిని బయటికి వదిలేస్తుంది. 1996లో ప్రకటన కోసం ఒక విమానం ఫ్యూజలాజ్‌కు నీలం రంగు వేసినప్పుడు రెక్కలను తెల్లగానే ఉంచారు, అయినా మాక్ 2 (శబ్దవేగానికి రెండింతలు) వద్ద 20 నిమిషాలకు మించి ఎగరకూడదని హద్దు పెట్టారు.

దీనికి చెల్లించిన మూల్యం చిన్నది కాదు. నెమ్మదిగా ఎగిరేటప్పుడు ఆ సుడులు లిఫ్ట్‌తోపాటు విపరీతమైన డ్రాగ్ తెస్తాయి, ఇంధనం మంచినీళ్లలా ఖర్చవుతుంది. ఫ్లాప్‌లు లేవు కాబట్టి టేకాఫ్ వేగం ఎక్కువ, టైర్ల మీద భారం తీవ్రం. టైర్లు పేలి ఆ ముక్కలు రెక్కలోని ట్యాంకులకు తగలడం 2000 కంటే ముందే జరిగింది, 1979లో వాషింగ్టన్‌లో ఒకసారి ట్యాంకు చిల్లులు కూడా పడింది. 2000 జులై 25న పారిస్ దగ్గర రన్‌వే మీది లోహపు పట్టీ టైరును చీల్చడంతో మొదలైన ప్రమాదం 113 మందిని బలి తీసుకుంది. ఆ తర్వాత ట్యాంకుల్లో కెవ్లార్ పొరలు, ముక్కలు చిన్నవిగా ఊడే కొత్త టైర్లు వేశారు. అంత సొగసైన రెక్క కిందే ఇంధనం, టైర్లు, ఇంజిన్లు దగ్గరదగ్గరగా ఉండటం దాని అసలు బలహీనత. ఇది చెప్పకుండా దాని అందం గురించి మాట్లాడటం న్యాయం కాదు.

అయినా మొదటి స్థానం ఎందుకంటే పక్కన టీయూ-144 ఉంది కాబట్టి. అదే సమస్య, అదే కాలం. సోవియట్ విమానం 1968 డిసెంబర్ 31న, కాంకార్డ్ కంటే ముందే ఎగిరింది. దాని రెక్క సరళమైన డబుల్ డెల్టాగా మారింది. దిగేటప్పుడు ఎలివాన్లను ఫ్లాప్‌ల్లా దించి, ముక్కును పైకి పట్టడానికి కాక్‌పిట్ వెనక మీసాల్లా విచ్చుకునే చిన్న రెక్కలు తగిలించారు. ఇంజనీరింగ్‌గా అది తెలివైన పనే, దిగే వేగం తగ్గింది. కానీ కాంకార్డ్ ఒక్క గీతతో చేసిన పనికి అక్కడ అదనంగా ఇంకో భాగం, దాన్ని మడిచే యంత్రాంగం, ఆ బరువు కావలసి వచ్చాయి. నా దృష్టిలో సొగసుకు కొలబద్ద ఆ తేడాయే.

మిగతావాటి గురించి క్లుప్తంగా. హాకర్ హంటర్ అనే బ్రిటిష్ జెట్ ఫైటర్‌ను నాలుగో స్థానంలో పెడతాను. ముక్కు కింద తూటాల గొలుసు ముక్కల కోసం ఉబ్బులు, పొట్ట కింద తర్వాత తగిలించిన ఎయిర్‌బ్రేక్, రెక్క ముందు అంచున పన్నులా పొడుచుకొచ్చిన భాగం, ఇన్ని సర్దుబాట్లు జరిగినా సిడ్నీ కామ్ గీసిన గీత చెదరలేదు. బేగంపేట నుంచి డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డకోటా నమ్మకానికి మారుపేరు, సొగసు పోటీలో దానికి చోటు లేదు. బోయింగ్ 787 రెక్క గాలిలో పైకి వంగే తీరు చూడముచ్చటే, కానీ ఫ్యూజలాజ్ అన్నింటిలాంటి గొట్టమే.

ఈ తీర్పు ఒప్పుకోనివాళ్లు స్వయంగా చూసి తేల్చుకోవచ్చు. ఢిల్లీ పాలంలోని వాయుసేన మ్యూజియంలో స్పిట్‌ఫైర్, హంటర్ రెండూ ఉన్నాయి. స్పిట్‌ఫైర్ అక్కడ గ్రిఫన్ ఇంజిన్ రకం, కాబట్టి ముక్కు వదిలేసి రెక్కను వెనక నుంచి చూడండి. అమెరికాలో వర్జీనియా, మేరీల్యాండ్ వైపు ఉండే తెలుగువాళ్లకు వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయం పక్కన ఉడ్వర్-హేజీ సెంటర్ దగ్గరే. ప్రవేశం ఉచితం, కారు పార్కింగ్‌కే డబ్బు. కాంకార్డ్, సూపర్ కాన్‌స్టెలేషన్ కుటుంబానికి చెందిన సీ-121 రెండూ అదే మ్యూజియంలో ఉన్నాయి. కాన్‌స్టెలేషన్‌ను పక్క నుంచి, కాస్త దూరం నుంచి చూడాలి. కాంకార్డ్‌ను అలా చూస్తే సన్నటి గొట్టంలా కనిపించి నిరాశ కలుగుతుంది. ముక్కు పక్కన నిలబడి రెక్క ముందు అంచు వెంట కొస దాకా చూపు సాగనివ్వండి. ఆ అంచు పైనుంచి చూస్తేనే కాదు, ఎదురుగా చూసినా తిన్నగా ఉండదు, కొస వైపు పోతూ కిందికి మెలి తిరుగుతుంది. ఫొటోల్లో ఆ మెలిక సరిగ్గా పడదు.