బెర్లిన్ డ్రాను విప్పి చూడటానికి లీచెస్ ఎంతవరకు పనికొస్తుంది?

బెర్లిన్ డిఫెన్స్ అనే చదరంగం ఆరంభ పద్ధతిలో 14 ఎత్తులకే డ్రా అయిన ఆట లోగుట్టు తెలుసుకోవడానికి లీచెస్ వెబ్‌సైట్‌లోని విశ్లేషణ బోర్డు చక్కటి సాధనం. పైసా కట్టక్కర్లేదు, ప్రకటనల గోల లేదు. ఆట ఎత్తులన్నీ వరసగా ఉండే పీజీఎన్‌ను అతికించి, పుస్తకం గుర్తు నొక్కితే ఆ స్థితిలో గతంలో ఎవరు ఏ ఎత్తు వేశారో చూపే ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ తెరుచుకుంటుంది.

10వ ఎత్తు దగ్గర ఆగండి. తెల్ల మంత్రి డీ4లో, నల్ల మంత్రి డీ6లో ఉంటాయి. తెలుపు ఈ4లో చెక్ చెబుతుంది, నల్ల మంత్రి ఈ6లో అడ్డుపడుతుంది. తెల్ల మంత్రి మళ్లీ డీ4కి, నల్ల మంత్రి మళ్లీ డీ6కి. ఇంకోసారి ఇదే తిరిగితే ఒకే స్థితి మూడోసారి వస్తుంది, ఆట డ్రా.

ఎత్తులను లెక్కగట్టే ఇంజిన్ ఇక్కడ సున్నా (ఇద్దరూ సమానం) చూపించి ఊరుకుంటుంది, కారణం చెప్పదు. అదే దీని పెద్ద లోటు. కారణం మనమే ఎత్తులు వేసి వెతకాలి. మంత్రులు మారితే నలుపుకు రెండు ఒంటెలు మిగులుతాయి, అందుకే తెలుపు ఒప్పుకోదు. డీ4లోని మంత్రి జీ7 బంటు మీద కన్నేసి ఉంటుంది కాబట్టి నలుపు ఎఫ్8 ఒంటెను కదపలేదు.

తెలుపు 12వ ఎత్తులో మంత్రిని డీ4కి తెచ్చాక ఇంకో ఆశ పుడుతుంది. ఈ6లో నల్ల మంత్రి, దాని వెనకే రాజు. ఏనుగును ఈ1కి తెస్తే మంత్రి దొరికినట్టేగా? బోర్డు మీద వేసి చూడండి. నల్ల మంత్రి ఆ ఏనుగును చంపి అక్కడికక్కడే మాట్ చేస్తుంది! బీ1 గుర్రం, సీ1 ఒంటె ఇంకా కదలలేదు, అందుకే ఏ1 ఏనుగు కాపు అందదు. ఇలాంటివి ఒక్క క్లిక్కుతో తేలిపోవడమే ఈ బోర్డు గొప్పతనం.

మాస్టర్ల డేటాబేస్‌లో కనిపించే డ్రా శాతాన్ని మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. ఇద్దరూ డ్రా కోరుకుని వేసిన పొట్టి ఆటలూ, గంటల తరబడి పోరాడినవీ ఒకే లెక్కలో కలిసిపోతాయి. కింద కనిపించే ఆటలను తెరిచి ఎత్తుల సంఖ్య చూడాలి.

తెల్లపావులతో గెలుపు కోసం ఆడేవారు 4వ ఎత్తులో డీ3 వేసి శాఖలు చూడాలి. లేదా 6వ ఎత్తులో సీ6 గుర్రాన్ని ఒంటెతో చంపి ఎండ్‌గేమ్‌లోకి, అంటే పావులు తగ్గిన దశలోకి దిగాలి. 2000 ప్రపంచ టైటిల్ పోరులో కాస్పరోవ్‌ను క్రామ్నిక్ నిలువరించింది ఆ ఎండ్‌గేమ్‌తోనే.