చీకటి పడితే చూపు పోయే కెమెరా

మా వీధి గేటు వైపు పెట్టించిన, గొట్టంలా ఉండే బుల్లెట్ సీసీ కెమెరా గురించి పోయినేడాది ఎవరు అడిగినా, రాత్రి బొమ్మ అద్భుతం, తీసుకోమనే చెప్పాను. ఇప్పుడూ వద్దనను. కానీ దాని వెనక వేలాడే జానెడు వైరు, ఆ వైరు చివర ఉండే రెండు పిన్నులు నన్ను పెట్టిన తిప్పలు మాత్రం చెప్పి తీరాలి.

మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలం, బారువకి దగ్గర్లోని ఊరు. 2018లో తిత్లీ తుపానుకి తూర్పు వైపు కొబ్బరి చెట్లు కూలిపోయాక సముద్రపు గాలికి అడ్డమంటూ లేదు. కిటికీ ఊచలు, గేటు గొళ్లెం, ఏది చూసినా తుప్పే. నేను ఉండేది విశాఖలో, ఇంట్లో అమ్మా నాన్నలిద్దరే. జీడి కాలంలో వాకిట్లో పిక్కల బస్తాలుంటాయి. బస్తా అంటే 80 కిలోలు, ఒక్కటి పోయినా నష్టం తక్కువేం కాదు. కెమెరాలు పెట్టించింది అందుకే.

మొదటి వేసవి ఏ గొడవా లేదు. కార్తీకం వానలు మొదలయ్యాక సాయంత్రం దీపాలు పెట్టే వేళకి గేటు కెమెరా బొమ్మ ఆగిపోవడం మొదలైంది. కాసేపు వస్తుంది, మళ్లీ పోతుంది, రాత్రంతా అదే వరస. తెల్లారితే మళ్లీ శుభ్రంగా కనిపిస్తుంది. అమ్మ ఫోన్ చేసి, "ఏట్రా, నీ కెమెరాకి రేచీకటొచ్చినట్టుంది" అంది. బిగించిన కుర్రాడు వచ్చేదేమో పగలు. చూసి, "బాగానే ఉంది కదండీ" అనేవాడు. ఒకసారి అడాప్టర్ మార్చాడు, ఇంకోసారి డీవీఆర్‌లో, అంటే రికార్డింగ్ పెట్టెలో, వైరు గుచ్చే పోర్టు పోయిందన్నాడు. రెండింటికీ డబ్బులు తీసుకున్నాడు. రాత్రి అయితే మళ్లీ మామూలే.

అసలు సంగతి పండక్కి ఇంటికెళ్లి నిచ్చెనెక్కితే తెలిసింది. కెమెరా ఒంటికి ఏమీ కాలేదు. డబ్బా మీద ఐపీ67 అని ఉంటుంది కదా, అది నిజమే. లోపలికి దుమ్ము పోదు, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా లోపలికి తడి చేరదు. కానీ ఆ భరోసా ఒంటికే, వెనక పిన్నులకి కాదు. ఉప్పుగాలి మాట అందులో అసలే లేదు. ఆ పిన్నుల చుట్టూ మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి గోడకి వదిలేశారు. ఎండకి దాని జిగురు కరిగి జారింది, లోపలికి పోయిన వాన నీరు మాత్రం బయటికి రాలేదు. టేపు విప్పితే కరెంటు వచ్చే డీసీ పిన్ను నిండా పచ్చటి చిలుము.

పగలు ఆ చిలుములోంచి వచ్చే కరెంటే కెమెరాకి సరిపోయేది. చీకటి పడగానే చీకట్లో బొమ్మ కోసం లోపల పెట్టిన ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి, వాటికి కరెంటు ఎక్కువ కావాలి. అప్పుడు వోల్టేజీ పడిపోయి కెమెరా ఆగి, మళ్లీ స్టార్ట్ అయి, లైట్లు వేసుకుని మళ్లీ ఆగుతుంది. హాల్లో డీవీఆర్ నుంచి గేటు దాకా పొడవాటి వైరు కావడంతో వోల్టేజీ ముందే కొంత తగ్గి వస్తోంది.

పిన్నులు కొత్తవి వేయించి, ఆ వైరంతా లోపలికి మడిచి పెట్టేలా ప్లాస్టిక్ జంక్షన్ బాక్స్ ఒకటి కెమెరా వెనక బిగించాం. కొత్త అడాప్టర్ ఖరీదు కూడా కాదది. వైరుని పైనుంచి కాకుండా కింది నుంచి బాక్స్‌లోకి పంపించాం. బయట కాస్త వంపు వదిలితే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే వేయించాను, ప్యాకెట్‌లో వచ్చినవి అప్పటికే తలలు అరిగి ఊడి రానన్నాయి. ఆ తర్వాత ఒక వానాకాలం గడిచింది, గేటు కెమెరా రాత్రిళ్లు ఆగలేదు.

రాత్రి బొమ్మ అద్భుతం అన్నాను గానీ, అదీ పూర్తిగా నిజం కాదు. ఆ లైట్ల చుట్టూ పురుగులు, పురుగుల కోసం సాలీడు. గూడు లెన్స్‌కి అడ్డంగా ఊగితే తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడదు, ఫోన్‌కి మాత్రం ఒకటే అలర్టులు. నాన్న కర్రకి గుడ్డ కట్టి దులుపుతుంటారు. ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తే కాబట్టి ఆయనకి అందుతోంది. ఇంకా పైన బిగించి ఉంటే ఈ వయసులో నిచ్చెన ఎక్కాల్సొచ్చేది.

శ్రీకాకుళం టౌన్‌లోనో, సముద్రానికి దూరంగా పాలకొండ వైపో ఉండేవాళ్లకి టేపుతోనే ఏళ్లు గడిచిపోవచ్చు. మా పెరటి కెమెరా కూడా సన్‌షేడ్ కింద అలా టేపుతోనే నడుస్తోంది. తీరం పక్క ఇళ్లకైతే, బిగించే రోజే బాక్స్ అడగండి. అది లేకపోయినా ఏమీ కాదని కుర్రాడు అంటే, చీకటి పడ్డాక వచ్చి చూస్తావా అని ముందే తేల్చుకోండి.