నరసాపురం ఉప్పుగాలిలో యమహా పసిఫికా

ముందే చెప్పేస్తానండి: గిటార్ మంచిదే, కొనుక్కోండి. యమహా పసిఫికా 112వి, ఎర్రది, నాకు ముప్పై వేల లోపే పడింది. ఆ డబ్బుకి ఇంత నిక్కచ్చిగా చేసిన ఎలక్ట్రిక్ గిటార్ ఇంకోటి నా చేతికి రాలేదు. కాకపోతే వీడియోల్లో దీని గురించి చెప్పేవాళ్లంతా ఏసీ గదుల్లో కూర్చుని చెబుతారు. మాది నరసాపురం. పక్కనే వశిష్ఠ గోదారి, ఆ దిగువన సముద్రం. వానాకాలంలో అప్పడాల డబ్బా మూత తీసి మర్చిపోతే సాయంత్రానికి అవి చేతిలో మడతపడతాయి. అలాంటి గాలిలో ఈ గిటార్ ఎలా ఉంటుందో ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను రాస్తున్నాను.

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను, ఆదివారం చర్చిలో వాయిస్తాను. మా స్టాఫ్ రూములో అందరిదీ ఒకటే ఎటకారం, "బైకుల కంపెనీ గిటార్ కొన్నారేంటండీ మేడమ్" అని. 1887లో హార్మోనియం లాంటి రీడ్ ఆర్గాన్లతో మొదలైన కంపెనీ అండి అది. బైకుల కంపెనీ పెట్టింది 1955లో. ఆర్‌ఎక్స్ 100 మీద తిరిగిన మా సీనియర్ సారు ఇప్పటికీ నమ్మట్లేదు.

చెక్క ఆల్డర్, మెడ మేపుల్, వేళ్లు ఆనే పలక రోజ్‌వుడ్, 22 మెట్లు. తీగలు 9 నంబరువి, అంటే సన్న తీగ మందం అంగుళంలో వెయ్యికి తొమ్మిది వంతులు. ఆ సన్నదనమే నాకు కావాల్సింది. చర్చిలో పాడే మన క్రైస్తవ కీర్తనల్లో చాలావాటికి పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. తోడి అని ఉంటే గాంధారాన్ని ఊపి తీరాలి. కీబోర్డు మీద ఆ ఊపు తేవడం కష్టం, మామూలు గిటార్ మీద లావు తీగని లాగితే వేళ్లు కోసుకుపోతాయి. దీని మీద తీగని పక్కకి నెడితే స్వరం పూర్తిగా పై స్వరానికి వెళ్లి దిగొస్తుంది, ఎక్కడా తెగినట్టుండదు. నా పుట్టిల్లు పాలకొల్లు. 1969లో ఆ ఊళ్లోనే పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం అంతా పలికించాక, మెట్లున్న వాయిద్యం మీద గమకం రాదు అని మా ముందు ఎవరూ అనకూడదు. ఆయన పలికించిందాంట్లో నాకొచ్చేది గోరంత, అది వేరే సంగతి.

ఇక తుప్పు సంగతి. సన్న తీగలు మూడూ ఉత్త ఉక్కు, పైన పల్చటి పూత. లావు తీగలకి నికెల్ పూసిన ఉక్కు తీగ చుట్టి ఉంటుంది. చెమటలో ఉప్పు ఉంటుంది, గాలిలో తడి ఉంటుంది, మా ఇంటర్ పిల్లలకి బోర్డు మీద గీసే తుప్పు బొమ్మకి ఇంకేం కావాలి? క్లోరైడు ఆ పూతని సందు చూసుకుని తినేస్తుంది. ముందు మూడో మెట్టు దగ్గర చిన్న నల్ల చుక్క కనబడుతుంది, వేలు జరిపితే గరుకు తగులుతుంది, ఆ తర్వాత శ్రుతి నిలవదు. వాయించాక పాత నూలు గుడ్డతో ఒక్కో తీగనీ పట్టుకుని, కింద వైపు కూడా తగిలేలా పైనుంచి కిందకి లాగి తుడవండి. అర నిమిషం పని. బ్రిడ్జి, అంటే తీగలు కింద ఆనే లోహపు దిమ్మ, దాని దగ్గరున్న బుల్లి ఉక్కు స్క్రూలు మాత్రం గుడ్డతో ఆగవు. వాటికి కుట్టుమిషన్ నూనె, అగ్గిపుల్ల కొసతో ఒక్క చుక్క. మెట్లు రాగి, నికెల్, జింకు కలిసిన లోహం కాబట్టి తుప్పు పట్టవు, మసకబారతాయి అంతే.

మా మామయ్యగారు, కోనసీమ మనిషి కదా, కొబ్బరినూనె గిన్నెతో వచ్చేశారు. "రోజ్‌వుడ్ కదమ్మా, ఇది రాస్తే నిగనిగలాడుతుంది" అని. నిగనిగలాడుతుందండీ, తర్వాత ముక్కిపోయి జిడ్డు కడుతుంది, దానికి దుమ్ము. పలకకి దాని కోసమే అమ్మే లెమన్ ఆయిల్ ఏడాదికోసారో రెండుసార్లో చాలు. మన తేమకి చెక్క ఎండిపోవడం అరుదు. ఆయన మనసు కష్టపెట్టుకోకుండా ఆ నూనె గేటు బందులకి వేయించాను.

గిటార్‌కి నప్పే తేమ యాభై శాతానికి అటూ ఇటూ. మనకి వానాకాలంలో అంత తక్కువ ఎక్కడిది? కాబట్టి బయటి గోడకి మాత్రం తగిలించకండి, చెమ్మ ఎక్కుతుంది. సంచిలో పెట్టి నెలలు మర్చిపోతే బూజే. సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేసి, ఎండ వచ్చిన రోజున నీడలో తెరిచి ఉంచండి.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి కరెంటు. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు సన్న రాగి తీగ. తీగ కంపాన్నే కాదు, గదిలో ఉన్న ట్యూబులైటు చోకునీ, ఫ్యాన్ రెగ్యులేటర్‌నీ కూడా పట్టేస్తుంది. అదే ఆ గుయ్‌ మనే మోత. కిందనున్న హంబకర్ అనే పికప్‌లో రెండు చుట్లు ఎదురెదురుగా ఉండి మోతని కొట్టేసుకుంటాయి. టోన్ నాబ్ పైకి లాగితే ఒక చుట్టు ఆగిపోయి శబ్దం సన్నగా, తేటగా వస్తుంది, దాంతో పాటు మోతా వస్తుంది. పాటకి ఏది కావాలో చూసుకోవాలి. కరెంటు పోయి పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అందుకుంటే మాత్రం ఏ నాబూ కాపాడదు.

మోత ఒక ఎత్తు, షాక్ ఇంకో ఎత్తు. ఒక పెళ్లి పందిట్లో మైకు ఒక ప్లగ్గు నుంచి, నా ఆంప్లిఫైయర్ ఇంకో ప్లగ్గు నుంచి. ఎర్త్ తీగ కోసేసిన ప్లగ్గు అది. చెయ్యి తీగల మీద ఉండగా పెదవి మైకుకి తగిలి చురుక్కుమంది. కొత్త ఆంప్లిఫైయర్ ఇంటికి తెచ్చేముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించండి. మన నేల తడి నేల, ఉప్పూ బొగ్గూ వేసి గొయ్యి సరిగ్గా తీయిస్తే ఎర్త్ చక్కగా పనిచేస్తుంది. మెట్ట ఊళ్లవాళ్లకి లేని సుఖం మనకున్నది ఇదొక్కటే.

బ్రిడ్జికున్న ఊపుడు కడ్డీ గురించి కూడా ఓ మాట. గట్టిగా ఊపితే శ్రుతి తప్పుతుంది, ఈ తరహా బ్రిడ్జి ఉన్న గిటార్లన్నిటికీ ఉన్నదే. కొత్త తీగలు వేశాక చేత్తో నాలుగైదుసార్లు సాగదీసి మళ్లీ శ్రుతి చేయండి, నట్, అంటే మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ, దాని గాడుల్లో మెత్తని పెన్సిల్ ముక్కు రుద్దండి. నేనైతే కడ్డీ తీసి సొరుగులో పడేశాను.

తీగలు మాత్రం ముందే రెండు సెట్లు తెప్పించి, కవరు విప్పకుండా ఉంచుకోండి. మా బజార్లో గిటార్ తీగలు అడిగితే మామూలు గిటార్‌వి ఇస్తారు. ఎక్కువగా కంచువి, ఈ పికప్‌లకి సరిగ్గా పలకవు. నికెల్ 9-42 (సన్న తీగ 9, లావు తీగ 42) అని అడగండి.